నిఖా కోసం కాగితమా? కాగితం కోసం పెళ్లా?

పోయిన నెల జుమా నమాజ్ అయ్యాక రాజంపేటలో మసీదు బయట ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచారు. ఇరవై ఏళ్లకు పైగా కువైట్‌లో ఇంటి డ్రైవర్‌గా చేసి తిరిగొచ్చిన మనిషి. పేరు, వీధి రాయను. ఆయన కొడుకు ఇక్కడే ఇంజనీరింగ్ చదివి, అప్పు చేసి ఇంగ్లాండ్ వెళ్లాడు. అక్కడ ఎంఎస్సీ అయిపోయింది. చదువు తర్వాత ఇచ్చే వీసా గడువు దగ్గర పడుతోంది, వీసా ఇప్పించే కంపెనీ దొరకలేదు.

అబ్బాయి వాట్సాప్‌లో పంపిన వాయిస్ మెసేజ్ ఆయన నాకు వినిపించారు. సారాంశం ఇది. అక్కడ శాశ్వతంగా ఉండే హక్కున్న ఒక అమ్మాయితో 'సివిల్ పార్ట్‌నర్‌షిప్' రిజిస్టర్ చేయిస్తానని ఒక మధ్యవర్తి చెప్పాడు. డబ్బు రెండు విడతల్లో కట్టాలి. కలిసి కాపురం చేయక్కర్లేదు. వీసా వచ్చాక కొన్నాళ్లకు రద్దు చేసుకోవచ్చు. "అబ్బా, ఇది నిఖా కాదు, ఉత్త కాగితం" అని అబ్బాయి చివర్లో రెండుసార్లు అన్నాడు.

ఫోన్ జేబులో పెట్టుకుని ఆయన నన్ను అడిగారు: "నిఖా కాదంటున్నాడు కద బేటా, మరి ఇందులో తప్పేముంది?"

ఈ ప్రశ్న ఆయన ఒక్కరిదే కాదు. రాజంపేట, పుల్లంపేట, రైల్వేకోడూరు, రాయచోటి వైపు తండ్రులు గల్ఫ్‌కు పోయిన ఇళ్లలో ఇప్పుడు పిల్లలు ఇంగ్లాండ్, అమెరికా, ఆస్ట్రేలియా పోతున్నారు. ఇలాంటి మాటలు ఫోన్లలో వస్తున్నాయి. అందుకే ఆ పెద్దాయనకు చెప్పిన జవాబే కొంచెం వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

ఇప్పుడే ఎందుకు వస్తోంది ఈ మాట?

బ్రిటన్‌లో రెండేళ్లుగా తలుపులు ఒక్కొక్కటే మూసుకుంటున్నాయి. 2024 జనవరి నుంచి మామూలు మాస్టర్స్ కోర్సుల్లో చేరేవాళ్లు భార్యాపిల్లల్ని తీసుకెళ్లడానికి లేదు. పీహెచ్‌డీ లాంటి పరిశోధన కోర్సులకే ఆ వీలుంది. 2025 జూలై 22 నుంచి ఉద్యోగ వీసాకు సాధారణ జీతం పరిమితి ఏడాదికి 41,700 పౌండ్లకు పెరిగింది. అదే రోజు నుంచి వృద్ధుల సంరక్షణ పనులకు విదేశాల నుంచి కొత్తవాళ్లను తీసుకోవడం ఆపేశారు. చదువు తర్వాత ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసా మాస్టర్స్ చేసినవాళ్లకు రెండేళ్లుండేది. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు దాన్ని ఏడాదిన్నరకు తగ్గిస్తామని ప్రకటించారు. ఈ వీసాను పొడిగించుకోవడానికి వీలుండదు.

అమెరికాలో 2025 సెప్టెంబరు 21 నుంచి దేశం బయట ఉన్నవాళ్ల కోసం పెట్టే కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము వేశారు.

ఇన్ని తలుపులు మూసినా ఒకటి మాత్రం తెరిచే ఉంది. పౌరుణ్ణో, శాశ్వత నివాసినో పెళ్లాడినవాళ్లకు ఇచ్చే వీసా అది. కుటుంబాన్ని కలిపి ఉంచడానికి పెట్టిన దారి కాబట్టి ఏ దేశమూ దాన్ని పూర్తిగా మూయలేదు. మధ్యవర్తులు ఆ తలుపు దగ్గరే నిలబడి బేరం చేస్తున్నారు.

'ఉత్త కాగితం' అంటే ఏమిటి?

బ్రిటన్‌లో సివిల్ పార్ట్‌నర్‌షిప్ చట్టం 2004లో వచ్చింది, 2005 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. మొదట అది స్వలింగ జంటల కోసం చేసిన చట్టం. ఇంగ్లాండ్, వేల్స్‌లో 2019 డిసెంబరు 31 నుంచి స్త్రీ పురుషులు కూడా రిజిస్టర్ చేసుకోవచ్చు. ఇందులో మతపరమైన తంతు, ప్రమాణాలు అవసరం లేదు, సంతకం చాలు. అందుకే మన పిల్లలకు అది ఉత్త కాగితంలా కనబడుతోంది.

చట్టం మాత్రం దాన్ని అలా చూడదు. ఆస్తి, వారసత్వం, పెన్షన్, పోషణ, పిల్లల బాధ్యత విషయాల్లో సివిల్ పార్ట్‌నర్ దాదాపు భార్యాభర్తలతో సమానం. వీసా నియమాలు కూడా భార్య, భర్త, సివిల్ పార్ట్‌నర్ అని ఒకే వరుసలో రాస్తాయి. అంటే ఆ సంతకం పెట్టిన రోజు నుంచి ఆ దేశం లెక్కలో ఆ అబ్బాయి పెళ్లైనవాడి కింద లెక్క.

ఇప్పుడు ఇక్కడికి రండి. ఆ అబ్బాయికి మేనమామ కూతురితో సంబంధం అనుకుని ఏడాదైంది. రేపు రాజంపేటలో నిఖా చేసి, ఆ పిల్లను ఇంగ్లాండ్ పంపాలంటే ఏమవుతుంది? అక్కడి రికార్డులో అతనికి ఇప్పటికే పార్ట్‌నర్ ఉంది. ఆ బంధం అధికారికంగా ముగియకుండా రెండో మనిషికి భార్య వీసా దొరకదు. రద్దు చేసుకోవాలంటే రిజిస్టరైన నాటి నుంచి ఏడాది గడిస్తే తప్ప కోర్టు దరఖాస్తు తీసుకోదు. తర్వాత 20 వారాలు, ఆపైన మరో ఆరు వారాలు ఆగాలి. అంటే తక్కువలో తక్కువ ఏడాదిన్నర. మౌల్వీ సాబ్ ముందు తలాక్ అన్నా ఆ పార్ట్‌నర్‌షిప్ రద్దు కాదు, అక్కడి కోర్టు ఉత్తర్వు రావాల్సిందే.

ఇదంతా తెలియకుండా ఆ పిల్ల ఇక్కడ చేతికి మెహందీ పెట్టుకుని కూర్చుంటుంది. వాయిస్ మెసేజ్‌లో ఆ పిల్ల మాటే లేదు.

దొంగ సంతకానికి ఎంత రిస్క్?

బ్రిటన్‌లో వీసా మీద ఉన్న విదేశీయులు పెళ్లి గానీ, పార్ట్‌నర్‌షిప్ గానీ చేసుకోవాలంటే ఇద్దరూ కలిసి రిజిస్టర్ ఆఫీసుకు వెళ్లి ముందు నోటీసు ఇవ్వాలి. నోటీసు గడువు 28 రోజులు. అనుమానం వస్తే హోం శాఖ దాన్ని 70 రోజులకు పెంచి విచారిస్తుంది. ఇద్దర్నీ విడివిడిగా పిలిచి అడగొచ్చు. ఎక్కడ కలిశారు, ఇంటి అద్దె ఎవరు కడుతున్నారు, ఆమె అన్నదమ్ములు ఎందరు, నిన్న రాత్రి ఏం వండుకున్నారు లాంటి ప్రశ్నలుంటాయి.

వీసా దరఖాస్తులో నిజమైన, కొనసాగుతున్న బంధం అని చూపాలి. 2024 ఏప్రిల్ 11 నుంచి కొత్తవాళ్లకు ఆదాయ పరిమితి ఏడాదికి 29,000 పౌండ్లు. దేశం లోపల నుంచి దరఖాస్తు చేస్తే మొదట ఇచ్చేది రెండున్నరేళ్లు. తర్వాత మళ్లీ పొడిగించుకోవాలి, ఐదేళ్లయ్యాకే శాశ్వత నివాసం అడగాలి. ఒకసారి దాటితే అయిపోయే పరీక్ష కాదిది. ఐదేళ్ల పాటు అదే అబద్ధాన్ని నిలబెట్టాలి.

దొరికితే? వీసా పోతుంది. మోసం చేసి దరఖాస్తు పెట్టినవాళ్లకు పదేళ్ల దాకా మళ్లీ వీసా రాకుండా నిషేధం ఉంది. క్రిమినల్ కేసూ పడొచ్చు, ఏర్పాటు చేసినవాళ్లకు జైలు ఇంకా ఎక్కువ. మధ్యవర్తి ఈ సంగతి తనంతట తాను చెప్పడు.

నేను బీకాం చదివినవాణ్ణి, కాబట్టి ఒక మాట లెక్కల భాషలో చెప్తాను. మన కాంట్రాక్ట్ చట్టం 1872, సెక్షన్ 23 ప్రకారం చట్టవిరుద్ధమైన పని కోసం చేసుకున్న ఒప్పందం చెల్లదు. మధ్యవర్తికి మొదటి విడత కట్టాక వాడు ఫోన్ ఎత్తకపోతే ఏ కోర్టుకు పోయి ఏమని అడుగుతారు? "దొంగ పెళ్లికి డబ్బిచ్చాను, తిరిగి ఇప్పించండి" అనాలా? ఇంకొకటి, సంతకం పెట్టిన ఆ అమ్మాయి ఏడాది తర్వాత ఇంకో ఐదు వేల పౌండ్లు కావాలంటే? హోం శాఖకు ఆమె చేసే ఒక్క ఫోన్ కాల్ చాలు. నిజమైన బంధమైనా తెగిపోతే ఆ వీసాను 60 రోజులకు కుదించి వెళ్లిపొమ్మంటారు. ఐదేళ్లూ ఆ తాడు ఇంకొకరి చేతిలో ఉంటుంది.

ఇక ఖర్చు. 2024 ఫిబ్రవరి నుంచి ఆరోగ్య సర్‌చార్జి ఒక్కటే ఏడాదికి 1,035 పౌండ్లు. రెండున్నరేళ్లకు 2,587 పౌండ్ల 50 పెన్స్. పౌండు 110 రూపాయల చొప్పున వేసుకున్నా రెండు లక్షల ఎనభై వేలు దాటుతుంది. వీసా ఫీజు, మధ్యవర్తి విడతలు వేరే. పాత అప్పు మీద ఇది కొత్త అప్పు.

ఇది మనం చూడని కథ కాదు

"మన తరంలో ఇలాంటివి లేవు" అన్నారు పెద్దాయన. ఉన్నాయి చాచా, రూపం వేరు.

కువైట్‌లో మీరు ఇరవై ఏళ్లు ఉన్నది ఖాదిమ్ వీసా మీద, అంటే ఆర్టికల్ 20 అకామా. దాని మీద భార్యాపిల్లల్ని తెచ్చుకోవడానికి లేదు. కంపెనీ అకామా, అంటే ఆర్టికల్ 18 ఉన్నవాళ్లకు కూడా కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే 2024 జనవరిలో నెల జీతం 800 దినార్లు ఉండాలన్నారు. రాజంపేట డ్రైవర్లలో, వంటవాళ్లలో ఎందరికి ఆ జీతం? అందుకే మన ఇళ్లలో అమ్మీలు ఇక్కడ, అబ్బాలు అక్కడ. ఒక తరమంతా రెండేళ్లకోసారి వచ్చే సెలవుల్లోనే కాపురం చేసింది. కాగితం లేకపోతే కుటుంబం ఎలా చీలుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. పిల్లలు ఏదో ఒక కాగితం కోసం తెగించడానికి కారణం కూడా అదే. వాళ్ల బాధను నేను చిన్నచూపు చూడను.

కానీ కాగితం కోసం చేసిన పెళ్లిళ్ల కథ కూడా మనకు తెలుసు. హైదరాబాద్ పాతబస్తీలో గల్ఫ్ నుంచి వచ్చిన ముసలివాళ్లకు పేదింటి పిల్లల్ని కట్టబెట్టిన కథలు 1990ల నుంచి దేశమంతా చదివింది. 2017 సెప్టెంబరులో హైదరాబాద్ పోలీసులు ఒమన్, ఖతర్ దేశీయుల్ని, దళారుల్ని, వాళ్లతో పాటు ఖాజీల్ని కూడా అరెస్టు చేశారు. అక్కడ నిఖానామా అంటే వీసాకు పెట్టే ఒక డాక్యుమెంట్ మాత్రమే. నిఖా పేరు ఉంది, మెహర్ రాశారు, సాక్షులు ఉన్నారు. లేనిది నిజాయితీ. నష్టపోయింది ఆ పిల్లలు.

రెండు కథల్లో తేడా లేదని నేననను. ఇంగ్లాండ్‌లో సంతకం పెట్టేది చదువుకున్న ఇద్దరు పెద్దవాళ్లు. కానీ పెళ్లి అనే మాటను వీసా కోసం అద్దెకు తీసుకోవడం రెండింటిలోనూ ఉంది. అద్దె ఎక్కువగా కట్టేది ఆ బేరంలో గొంతు లేని మనిషే. అప్పుడు పాతబస్తీ పిల్ల, ఇప్పుడు రాజంపేటలో ఎదురుచూస్తున్న మేనమామ కూతురు.

పెళ్లితో వచ్చిన హోదా ఎంత గట్టిదో కువైట్ మొన్ననే చూపించింది. 2024 డిసెంబరులో పౌరసత్వ చట్టాన్ని సవరించి, కువైటీని పెళ్లాడిన విదేశీ మహిళకు ఆ పెళ్లి ఆధారంగా పౌరసత్వం రాకుండా చేశారు. అంతకుముందు అలా పొందిన వేలమంది మహిళల పౌరసత్వాన్ని రద్దు చేశారు. వాళ్లవి నిజమైన పెళ్లిళ్లే, చాలామందికి పిల్లలున్నారు. నిజమైన పెళ్లికే ఆ గతి పడితే దొంగ సంతకం ఎన్నాళ్లు నిలబడుతుంది?

రెండో తప్పు: నిఖా ఉండి కాగితం లేకపోవడం

ఇంతవరకూ పెళ్లి లేని కాగితం గురించి చెప్పాను. కాగితం లేని పెళ్లి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో ఇదే ఎక్కువ.

ఇక్కడ ఖాజీ ముందు జరిగిన నిఖా భారత చట్టం ప్రకారం చెల్లే పెళ్లి, కాబట్టి బ్రిటన్ కూడా దాన్ని గుర్తిస్తుంది. కానీ బ్రిటన్‌లోనే ఏదో హాల్లో నిఖా చేసుకుని, రిజిస్టర్ ఆఫీసుకు వెళ్లకపోతే అది అక్కడి చట్టం లెక్కలో పెళ్లే కాదు. 2020లో 'అఖ్తర్ వర్సెస్ ఖాన్' కేసులో అప్పీలు కోర్టు ఇదే చెప్పింది. ఆ జంట నిఖా 1998లో లండన్‌లో ఒక రెస్టారెంట్‌లో జరిగింది, తర్వాత నలుగురు పిల్లలు పుట్టారు. సివిల్ పెళ్లి కూడా చేసుకుందామని ఆమె అడుగుతూనే ఉంది, అది జరగలేదు. విడిపోయాక భార్యగా ఆస్తిలో వాటా అడిగే దారి ఆమెకు లేకుండా పోయింది.

కాబట్టి అక్కడే ఉన్న మన పిల్లకు అక్కడే నిఖా చేస్తున్నారంటే, అదే వారంలో రిజిస్ట్రేషన్ కూడా చేయించండి. "ముందు నిఖా కానిద్దాం, కాగితాలు తర్వాత చూద్దాం" అనే మాట వినొద్దు. సివిల్ రిజిస్ట్రేషన్ వల్ల నిఖాకు ఏ లోటూ రాదు. ఆమె హక్కుకు అది ఒక గొళ్లెం లాంటిది.

ఇక్కడ కూడా అంతే. ఆంధ్రప్రదేశ్‌లో 2002 చట్టం ప్రకారం ఏ మతంవాళ్ల పెళ్లైనా రిజిస్టర్ చేయించాలి. 2006లో సీమా కేసులో సుప్రీంకోర్టు కూడా అన్ని రాష్ట్రాలకూ అదే చెప్పింది. ఉర్దూ నిఖానామాతో పాటు ఇంగ్లీషు సర్టిఫికెట్ కూడా తీసుకోండి. పేర్లు, ఇంటిపేర్లు, పుట్టిన తేదీ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. షేక్, సయ్యద్ ముందు రాశారా, వెనక రాశారా అన్న తేడాకే ఫైళ్లు నెలలు ఆగుతాయి.

తర్వాత ధ్రువీకరణ. బ్రిటన్, అమెరికా లాంటి దేశాలకు భారత విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ ముద్ర సరిపోతుంది. కెనడా కూడా 2024 జనవరిలో ఆ ఒప్పందంలో చేరింది. కువైట్, దుబాయ్‌లకు అది చాలదు. రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ, ఆ దేశ ఎంబసీ వరుసగా అటెస్టేషన్ చేయాలి.

మిగతా దేశాల్లో ఎలా?

ఒక దేశంలో చెల్లిన కాగితం ఇంకో దేశంలో చెల్లదు. అమెరికా వీసా విషయంలో సివిల్ యూనియన్, డొమెస్టిక్ పార్ట్‌నర్‌షిప్‌లను పెళ్లిగా లెక్కించదు, పెళ్లే కావాలి. పెళ్లై రెండేళ్లు నిండకపోతే ఇచ్చేది రెండేళ్ల షరతులతో కూడిన గ్రీన్‌కార్డు. షరతు తీయాలంటే మళ్లీ రుజువులు పెట్టాలి. దొంగ పెళ్లికి ఐదేళ్ల వరకూ జైలు, రెండున్నర లక్షల డాలర్ల వరకూ జరిమానా. తర్వాత నిజంగా పెళ్లి చేసుకున్నా ఆ మనిషికి గ్రీన్‌కార్డు పిటిషన్ ఆమోదించరు.

ఆస్ట్రేలియాలో చాలా రాష్ట్రాల్లో బంధాన్ని రిజిస్టర్ చేయించుకుంటే ఏడాది కలిసి ఉన్నామని చూపే నియమం నుంచి మినహాయింపు ఉంది. మన పిల్లలకు మధ్యవర్తులు చెప్పేది ఈ సగమే. మిగతా సగం ఏమిటంటే, బంధం నిజమని మాత్రం చూపాల్సిందే.

మన దేశంలో సివిల్ పార్ట్‌నర్‌షిప్ అనే చట్టమే లేదు. 2023 అక్టోబరు 17న స్వలింగ జంటల కేసులో సుప్రీంకోర్టు సివిల్ యూనియన్ హక్కును ఒప్పుకోలేదు. మతంతో పని లేకుండా పెళ్లి చేసుకోవాలంటే ఇక్కడున్నది 1954 స్పెషల్ మ్యారేజ్ చట్టమే. అంటే ఇంగ్లాండ్‌లో ఆ అబ్బాయిని పెళ్లైనవాడి కింద లెక్కేస్తారు, రాజంపేటలో పెళ్లికాని కొడుకంటారు. రెండు దేశాల మధ్య ఈ సందులోనే అబద్ధాలు దాక్కుంటాయి. మన ఆడపిల్లల్ని ఎన్నారై సంబంధాలకు ఇచ్చేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకోవాలి.

ఎన్నారై పెళ్లిళ్ల రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసే బిల్లు 2019 ఫిబ్రవరిలో రాజ్యసభ ముందుకు వచ్చింది, చట్టం కాలేదు. 2024 ఫిబ్రవరిలో లా కమిషన్ 287వ నివేదికలో మళ్లీ అదే సిఫారసు చేసింది. చట్టం వచ్చేదాకా జాగ్రత్త మన చేతుల్లోనే ఉంది.

సంబంధం ఖాయం చేసే ముందు అడగాల్సినవి

అబ్బాయి ఇప్పుడున్న వీసా ఏది, ఎప్పటిదాకా? ఆ వీసా మీద భార్యను తీసుకెళ్లే హక్కుందా? అక్కడ ఎవరితోనైనా పెళ్లి, పార్ట్‌నర్‌షిప్ రిజిస్టరై ఉందా? ఉంటే రద్దైనట్టు కోర్టు ఉత్తర్వు ఉందా? జీతం స్లిప్పులు చూపిస్తారా? ఈ ప్రశ్నలు అడిగితే అవమానంగా అనుకునేవాళ్లు ఉంటారు. బర్రెను కొనేటప్పుడు పళ్లు చూసే మనం, కూతురి జీవితానికి ఒక కాగితం అడగడానికి సిగ్గుపడకూడదు.

ఇప్పటికే చిక్కుకున్నవాళ్లకు దారులున్నాయి. మన విదేశాంగ శాఖ మదద్ పోర్టల్, జాతీయ మహిళా కమిషన్ ఎన్నారై సెల్, రాష్ట్ర ప్రభుత్వ ఏపీఎన్ఆర్టీ సొసైటీ ఫిర్యాదులు తీసుకుంటాయి. బ్రిటన్‌లో పౌరుడి లేదా శాశ్వత నివాసి భార్యగా వీసా మీద ఉండి హింస ఎదుర్కొంటున్న మహిళ, భర్త సంతకం లేకుండానే అక్కడ ఉండే హక్కు కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. "నోరెత్తితే వీసా పోతుంది" అని భయపెట్టే భర్త మాట పూర్తిగా నిజం కాదు. కానీ ఈ రక్షణ నిజమైన బంధానికే.

పెద్దాయన ప్రశ్నకు జవాబు

ఫత్వా చెప్పే అర్హత నాకు లేదు, దానికి మీ మౌలానాను అడగండి. ఒక్కటి మాత్రం ఎవరినీ అడగకుండా తెలుసు. ఆ ఫారంలో 'మా బంధం నిజం' అని రాసి సంతకం పెట్టాలి. నిఖా కాకపోయినా అది సాక్ష్యమే, అబద్ధపు సాక్ష్యం. పేరు మార్చి సివిల్ పార్ట్‌నర్‌షిప్ అన్నంత మాత్రాన అబద్ధం నిజం కాదు.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "అప్పు గురించే వాని భయం బేటా. చేతులూపుకుంటూ తిరిగొస్తే నలుగురూ ఏమనుకుంటారోనని."

అసలు విషయం అక్కడుంది. పిల్లలు మధ్యవర్తి దగ్గరికి పోయేది దురాశతో కాదు, సిగ్గుతో. ఊళ్లో నలుగురూ 'ఏం, వచ్చేసినాడా?' అంటారన్న భయంతో. ఆ నలుగురిలో మనమూ ఉన్నాం. లండన్ నుంచి తిరిగొచ్చి కడపలోనో, బెంగళూరులోనో ఉద్యోగం వెతుక్కునే పిల్లాణ్ణి ఓడిపోయినవాడిలా చూడటం మానేస్తే, ఆ మధ్యవర్తుల గిరాకీ సగం పడిపోతుంది. అప్పు ఐదేళ్లకో ఎనిమిదేళ్లకో తీరుతుంది. రికార్డులో పడిన మోసం అంత తొందరగా తీరదు.

పెద్దాయన ఫోన్ మళ్లీ తీశారు. అక్కడ మధ్యాహ్నం కూడా కాలేదు, పిల్లాడు పనిలో ఉంటాడని పెట్టేశారు. "రాత్రికి చేస్తా. వచ్చేయ్ నాయనా, ఇల్లుంది, నేనున్నానని చెప్తా" అన్నారు. ఇలాంటి మెసేజ్ మీ ఇంటికీ వచ్చుంటే, ముందు మీరు చెప్పాల్సిన మాట కూడా అదే.